అక్కడక్కడ భారీ వర్షాలు

తుపాను వస్తోందంటే మనుషులు భయపడతారని నేను చాలాకాలం నమ్మాను. చెరువులు చూసే ఇంజినీరుగా పుంగనూరుకు బదిలీ అయి వచ్చాక ఆ నమ్మకం పోయింది. సముద్రం పక్కన పనిచేసే మా తోటివాళ్ళు, తుపాను అనగానే జనం మూటలు సర్దుకుంటారని చెబుతారు. మా వైపు తుపాను అనగానే జనం ముఖాలు విప్పారతాయి.

"పెద్దదేనా సార్?" అని అడుగుతారు.

"పెద్దదే."

"మన పక్కకు వస్తాదా?"

"వచ్చే అవకాశం ఉంది."

"నీ నోట్లో చక్కెర పొయ్య!"

హెచ్చరించడానికి వెళ్ళి దీవెనలు తీసుకుని తిరిగి రావడం నాకు అలవాటైపోయింది. ఒకసారి చేతిలో బెల్లం ముక్క కూడా పెట్టారు.

ఆ మంగళవారం పొద్దున మదనపల్లెలో మా మేడ మీద నిలబడి చూస్తే హార్స్లీ హిల్స్ నీలంగా, కడిగినట్టు కనిపిస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతుండగా ఫోన్లో వాతావరణ శాఖ సమాచారం వచ్చింది. బంగాళాఖాతంలో తుపాను పుదుచ్చేరికీ నెల్లూరుకూ మధ్య తీరం దాటవచ్చు. ఆ తర్వాత బలహీనపడి లోపలికి రావచ్చు. శుక్రవారం మా వైపు చాలాచోట్ల మోస్తరు వర్షాలు, అక్కడక్కడ భారీ నుంచి అతి భారీ వర్షాలు.

ఉప్మా అడుగంటింది. నేను నల్లగుట్లపల్లె చెరువు గురించి ఆలోచిస్తున్నాను.

పుంగనూరు దాటి కొంత దూరం పోతే వచ్చే ఊరు అది. చెరువు పెద్దది, కట్ట పాతది. నీళ్ళు నిండితే పొంగి పోవడానికి ఒక చివర రాతి అడ్డుగోడ ఉంది. దాన్ని మా వైపు మొరవ అంటారు. ఇంకో చివర, కట్టకు సరిగ్గా కింద, కొత్తకాలనీ. ఆ కాలనీ వెనకాల కట్ట వాలులో మనిషి పడుకునేంత మేర ఎప్పుడూ తడిగా ఉంటోంది. బాగుచేసే పని మంజూరైంది గానీ చెరువు ఎండాకే మొదలుపెట్టాలి. ఇప్పుడు చెరువు ఎండకపోగా మొరవకు జానెడు కిందుగా నిలిచి ఉంది. పైనున్న రెండు చెరువులూ అప్పటికే నిండి పారుతున్నాయి. భూమి ఇంకో చుక్క తాగే స్థితిలో లేదు. శుక్రవారం అతి భారీ వర్షం పైన పడితే, వచ్చిన నీళ్ళన్నీ నేరుగా ఈ చెరువులోకే వస్తాయి.

చేయవలసింది ఒక్కటే. తూము తీసి మూడడుగుల నీళ్ళు ముందే దించేయాలి. కానీ ఆ తూము రాజుల నాటిది. పూర్తిగా తీసినా మూడడుగులు దిగడానికి రెండు రోజులు పడుతుంది. తుపాను ఎటు పోతుందో ఖాయంగా తెలిసేసరికి తూము తీసి లాభం లేదు. లాభం ఉన్నప్పుడు తీద్దామంటే తుపాను ఎటు పోతుందో ఖాయంగా తెలియదు. మా పని మొత్తం ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఉంటుంది.

మా పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు.

"తెరవమని నేను చెప్పను. తెరవొద్దని కూడా చెప్పను. ఊరివాళ్ళు ఒప్పుకోవాలి, గొడవ కాకూడదు, కట్టకు ఏమీ కాకూడదు. మీ విచక్షణ," అన్నాడు.

బస్సులో కండక్టరు నాకోసం కిటికీ పక్క సీటు ఉంచాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి సాయం అది.

*

నీటి సంఘం అధ్యక్షుడు గంగప్ప కట్ట మీదే కనిపించాడు. మొరవ దగ్గర ముళ్ళకంప కొట్టిస్తున్నాడు. చెరువు నిండి మొరవ పారిన రోజున ఊరంతా అక్కడ చేరి గంగమ్మకు పసుపు కుంకుమ, చీర సమర్పిస్తారు, పొట్టేలు కొడతారు. ఆ పండక్కి చోటు సాపు చేయిస్తున్నాడన్నమాట.

నా చేతిలోని గొడుగు చూసి నవ్వాడు. చిన్న పూల గొడుగు, నా భార్య స్వర్ణలతది. నా గొడుగులన్నీ నేను బస్సుల్లో పోగొట్టుకున్నాను. ఆమె పోయాక ఈ ఒక్కటీ పోగొట్టలేదు.

"ఏం సార్, ఆడోళ్ళ గొడుగు ఏసుకోని వచ్చినావు? వానను పిల్చుకోని వస్తాండావా?"

"గంగప్పా, చెరువు మూడడుగులు దించాలి. రేపు పొద్దున్నే తూము తీయాలి."

కంప కొట్టేవాళ్ళు కొడవళ్ళు ఆపారు.

"దించాల్నా?" అన్నాడు గంగప్ప. "నిండే చెరువును దించమంటాండావే, నీకు మనసెట్ల వచ్చింది సార్? ఈ మొరవ ఎప్పుడు పారిందో తెల్సా? మా పెద్దోణ్ణి ఇస్కూల్లో ఏసినప్పుడు పారింది. ఇప్పుడు వానికి గడ్డమొచ్చింది."

నేను ఫోన్ తీసి పటం చూపించాను. తుపాను ఉన్న చోటు నుంచి ఒక గీత, ఆ గీత చుట్టూ పోనుపోను వెడల్పయ్యే చాట ఆకారం. ఆ చాటను నిన్న నేనే పుంగనూరులో అతనికి చూపించాను. నిన్న అతను, మన ఊరు చాటలో ఉండాదని పొంగిపోయి ఊరందరికీ ఫోన్లు చేశాడు. ఇప్పుడు కళ్ళు చిట్లించి చూశాడు.

"గీత తిరుపతి మీద పోతాండాది గదా. మనకు యాల?"

"గీత కాదు గంగప్పా, చాట మొత్తం చూడాలి. తుపాను ఈ చాటలో ఎక్కడైనా పోవచ్చు. నిన్న ఇదే చాట చూసి నువ్వు సంతోషపడలేదా?"

"నిన్న చూసింది వానకు. ఇప్పుడు చూసేది తూముకు. రెండూ ఒకటెట్ల అవుతాయి సార్?"

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. శుక్రవారం అక్కడక్కడ అతి భారీ వర్షాలని చదివి వినిపించాను.

"అక్కడక్కడ అంటే యాడ?"

"ఎక్కడో ముందే చెప్పలేం. అందుకే అక్కడక్కడ అంటారు."

"మన చెరువు ఆ అక్కడక్కడలో ఉండాదా లేదా, అది చెప్పు సార్."

"ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటే?"

"ఇట్లాంటి తుపాను పదిసార్లు వస్తే, నాలుగుసార్లు మన మీద పడుతుంది."

"అంటే ఆరుసార్లు పడదు."

"పడదు."

"ఆరు పెద్దదా నాలుగు పెద్దదా? నువ్వు కాలేజీలో సదివినోడివి, నువ్వే చెప్పు."

కంప కొట్టేవాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నా గొంతు పెరగదు, తగ్గిపోతుంది. దానివల్ల నేను ఒప్పుకున్నానని అందరూ అనుకుంటారు.

"ఆ నాలుగులో ఒక్కటి పడినా కాలనీ పోతుంది గంగప్పా. మీ అక్క ఇల్లు అక్కడే కదా."

"మా అక్క ఇల్లని నాకు తెల్దా? నాకు భయం లేదా?" అతని ముఖంలో నవ్వు పోయింది. "కుప్పం పక్క ఏమైందో గూడా తెల్సు సార్. ఆడ నీ మాదిరి ఇంజినీరే తూము తీపిచ్చినాడు. వాన యాడ పడింది? నీళ్ళూ పాయ, వానా పాయ. మా చెరువు కాడికి మాత్రం ఆ కథ తేవద్దు."

ఆ ఇంజినీరు హరీష్. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. పోయిన నెల వాయుగుండానికి భయపడి కుప్పం వైపు ఒక చెరువు దించాడు. వాయుగుండం దారి మార్చుకుని పోయింది, కుప్పంలో దుమ్ము లేచింది. మరునాడు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి అతని ఆఫీసు మెట్ల మీద వరసగా పెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారు.

కట్ట దిగి అతనికే ఫోన్ చేశాను.

"మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావు హరీష్?"

"మళ్ళీ తీస్తాను సార్. కాకపోతే ఈసారి ప్యాంటు ఏసుకోను. బిందెలు దాటేదానికి లుంగీ అయితే సులువు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

*

నా మాట నమ్మినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను నమ్మడమే నాకు పెద్ద తలనొప్పి అయింది. అతని పేరు ఘని. పుంగనూరులో ఉంటాడు. ఆ చెరువులో చేపలు పెంచుకునే హక్కు వేలంలో పాడుకున్నాడు. మొరవ పారితే చేపలు నీళ్ళతోపాటు కొట్టుకుపోతాయి. చెరువు దించితే అతని చేపలు చెరువులోనే ఉంటాయి.

"సాబ్, మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్," అన్నాడు వల బాగుచేసుకుంటూ.

"నువ్వు దయచేసి ఆ మాట ఎవరితో అనొద్దు ఘనీ."

"ఎందుకు సాబ్?"

"నువ్వు అవునంటే నేను నీ మనిషిననుకుంటారు."

అతను ఆలోచించి తల పంకించాడు. "సమఝ్ గయా సాబ్. సాయంత్రం పాల కేంద్రం కాడ నేను ఉల్టా మాట్లాడతా. ఘని వద్దంటాండాడంటే అందరూ తియ్యాలంటారు. చూడండి."

వద్దని నేను చెప్పేలోపే బండెక్కి పోయాడు.

సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా అక్కడికి వస్తుంది. అందుకే అక్కడే మాట్లాడాలనుకున్నాను. నేను నోరు విప్పకముందే ఘని చెయ్యి ఎత్తాడు.

"తూము తీస్తే నేను ఒప్పుకోను! తీస్తే ఊరుకునేది లే! నా చేపలన్నీ తూములో పడి పోతాయి!"

అందరూ పాల క్యాన్లు కదిలేటట్టు నవ్వారు.

"నాటకం ఆపప్పా ఘనీ," అన్నాడు గంగప్ప. "నీ వలలు యాడ కట్టినావో మాకు తెల్దా? మొరవ కాడ కట్టినావు, తూము కాడ కాదు. మద్యాన్నం నువ్వూ సారూ గుసగుసలాడింది గూడా సూసినాం. ఏం సార్, చాపల పులుసు బాగుండిందా?"

"నేను చేపలు తినను గంగప్పా."

"తిననోనికి ఇంగేం పెట్టినాడో!"

మళ్ళీ నవ్వులు. ఘని నా వైపు చూసి, నా తప్పేమీ లేదన్నట్టు చేతులు తిప్పాడు. నేను పటం చూపించాను, పై చెరువుల సంగతి చెప్పాను, భూమి తాగదని చెప్పాను. వినేవాళ్ళు నా మీద జాలితో విన్నారు. అన్నీ విని ఒకతను, "అయితే మొరవ శుక్రవారమే పారుతాదంటావు" అని సంతోషంగా అడిగాడు.

వరసలో చివరగా పాల క్యాను పట్టుకుని ఒక పెద్దామె నిలబడి ఉంది. గంగప్ప అక్క నారాయణమ్మ. మొరవ పారినప్పుడు గంగమ్మకు మొదటి చీర పెట్టేది ఆ ఇంటి ఆడబిడ్డే. కాబట్టి ఈ పండగ ఎవరికన్నా ఎక్కువ ఆమెది.

"సార్, ఆ తడి మా ఇంటెనకాలే గదా?" అంది.

"అవునమ్మా."

"నిండుగా ఉండంగా పైనుంచి నీళ్ళు దూకితే?"

"మొరవ సరిపోదు. బరువంతా కట్ట మీద పడుతుంది. పోతే ముందు ఆ తడి చోటే పోతుంది."

"పోతాదని గట్టిగా చెప్తావా?"

నలుగురూ నా నోటి వైపు చూశారు. గట్టిగా చెబితే పని అయిపోయేది. పడుతుందని గట్టిగా చెప్పి, పడకపోతే, మళ్ళీ నా మాటకు ఈ ఊళ్ళో విలువ ఉండదు. అంతకంటే, అది నిజం కాదు.

"చెప్పలేనమ్మా. పోకపోవచ్చు. పోతే మాత్రం మీ వీధికి లేచి పరిగెత్తే టైం ఉండదు."

ఆమె క్యాను కింద పెట్టింది.

"రేయ్ గంగా, నేను చీర పెట్టేటప్పుడు ఇంగేం చేస్తాను?"

"ఒడిబియ్యం పోస్తావు."

"ఒడిబియ్యం ఎవురికి పోస్తారు?"

"ఆడబిడ్డకు," అన్నాడు గంగప్ప అనుమానంగా.

"మరి అత్తగారింటికి పొయ్యే ఆడబిడ్డను వాకిట్లోనుంచి పంపిస్తారా, గోడ దూకి పో అంటారా?"

ఆమె కట్ట వైపు చెయ్యి చూపించింది.

"తూము వాకిలి. మొరవ గోడ. ఇన్నేండ్లూ ఆ బిడ్డను గోడ దూకిస్తాండాం. రేప్పొద్దున నేను తూము కాడ చీర పెడతా. ఇష్టముండేటోళ్ళు రాండి."

నా లోపలి ఇంజినీరు చెయ్యెత్తాడు. మొరవ గోడ కాదు, అది కూడా నీళ్ళు పోవడానికి కట్టిన దారే, ఈ లెక్కన చూస్తే ఆ పోలిక సరిపోదు అని చెప్పబోయాను. అదృష్టవశాత్తు ఆగాను. స్వర్ణలత ఉంటే, ముప్పై ఏళ్ళకు మీకు బుద్ధి వచ్చిందని మెచ్చుకునేది.

"అయితే సార్," అని నారాయణమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ఈడనే ఉండాల. వాన రాకపోతే మేం తిట్టేది నువ్వు నిలబడి వినాల. మదనపల్లెకు పొయ్యి ఫోన్ ఎత్తకుండా కూసుంటే కుదర్దు."

"ఉంటానమ్మా."

గంగప్ప అక్కను చూశాడు, నన్ను చూశాడు, చివరకు ఘనిని చూశాడు. "ఇదంతా నీ చాపల కోసరమే," అన్నాడు అతనితో.

*

బుధవారం పొద్దున తూము దగ్గర పసుపు, కుంకుమ, ఎర్ర అంచు చీర, ఒడిబియ్యం. అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు. పొట్టేలును మాత్రం తేలేదు. వాకిలి పండక్కి పొట్టేలు లేదని, అది మొరవకే అని గంగప్ప తీర్పు చెప్పాడు. నీళ్ళు పంచే నీరుగంటి అంకయ్య తూము మర తిప్పాడు. నీళ్ళు కాలువలోకి గుభిల్లుమని దూకాయి. నారాయణమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోయింది.

గురువారం ఎండ కాసింది.

అట్లాంటి ఎండను డిసెంబరులో నేను చూడలేదు. పాల కేంద్రం పక్క గదిలో నాకు మంచం వేశారు. నేను బయటికి వస్తే చాలు, ఎవరో ఒకరు ఆకాశం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవారు. ఒకామె వడియాలు ఎండబెట్టి, "సార్, వానొచ్చేటప్పుడు కొంచెం కేకెయ్యి, తీసుకుంటా" అంది. చెరువు అంచున తడి మట్టి బయటపడింది. ఇన్నేళ్ళ కరువు తర్వాత నిండిన చెరువు, నా మాట మీద దిగిపోతోంది.

మధ్యాహ్నం కొత్త సమాచారం వచ్చింది. తుపాను సముద్రంలోనే నెమ్మదించింది. తీరం దాటడం ఆలస్యం కావచ్చు. చాట కొంచెం దక్షిణానికి జరిగింది, మా ఊరు ఇంకా అందులోనే ఉంది. నా దృష్టిలో ఇది చెడ్డ వార్త. నెమ్మదిగా కదిలే తుపాను ఒకే చోట ఎక్కువ కురుస్తుంది. గంగప్ప దృష్టిలో అది వేరే వార్త.

"నిలబడి పోయిందంట గదా! తూము మూసెయ్యి సార్, ఉండే నీళ్ళన్నా మిగుల్తాయి."

"నిలబడలేదు, నెమ్మదించింది. అది ఇంకా ప్రమాదం."

"ఎగబడి వస్తే ప్రమాదమంటావు, మెల్లంగా వస్తే ప్రమాదమంటావు. నీకు ఎట్ల వస్తే బాగుంటాదో చెప్పు, అట్లనే రమ్మందాం!"

అప్పుడే మా పై అధికారి ఫోన్. "అక్కడ ఎండ కాస్తోందట కదా. తూము తీసేశారట?"

"మీరే విచక్షణ అన్నారు సార్."

"అవును. మీ విచక్షణ," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను తూము మూయించలేదు. అంకయ్యను పిలిచి, నేను చెప్పేదాకా మర ముట్టుకోవద్దన్నాను. గంగప్ప ఆ పూట నాతో మాట్లాడలేదు. అయినా నా భోజనం అతని ఇంటి నుంచే వచ్చింది. రాగి సంగటి, వేరుశనగ చట్నీ, పక్కన గిన్నెలో నెయ్యి. అలిగినవాళ్ళ ఇంటి నుంచి నెయ్యి రావడం నేను ఎప్పటికీ మరచిపోను.

*

శుక్రవారం తెల్లవారేసరికి ఎదురుగా ఉన్న గుట్ట కనిపించలేదు. చినుకులు కావు, నీటి ధార. కాలనీ వాళ్ళను బడిలోకి పొమ్మని ఇంటింటికీ తిరిగాను. ఇప్పుడు ఒకరు పొయ్యి మీద పప్పు ఉందన్నారు, ఒకరు టీవీ తడుస్తుందన్నారు, ఒకాయన మబ్బు వైపు చూసి పొద్దెక్కితే తగ్గుతుందన్నాడు. నిన్న నన్ను ఎండలో నిలబెట్టి ఎగతాళి చేసినవాళ్ళే ఇప్పుడు వానలో నిలబెట్టి నాకు వాతావరణం చెబుతున్నారు! చివరకు నారాయణమ్మ రెండు కోళ్ళను చంకల్లో పెట్టుకుని బయలుదేరింది. ఆమె వెనకాల వీధి కదిలింది.

పై చెరువుల నీళ్ళు మధ్యాహ్నానికి దిగాయి. మేము రెండు రోజులు కష్టపడి దించిన మూడడుగులు పూటలో నిండిపోయాయి. తర్వాత మొరవ మీద బెత్తెడు ఎత్తున నీళ్ళు పారడం మొదలైంది. ఊళ్ళో మగవాళ్ళు ఆ వానలో మొరవ దగ్గరికి పరిగెత్తి కేకలు వేశారు. గంగప్ప తువ్వాలు తిప్పుతూ గెంతుతున్నాడు.

నేను కట్ట రెండో చివర, ఆ తడి దగ్గర ఉన్నాను. ఊట నీళ్ళు తేటగా ఉన్నంతవరకు భయం లేదు. రంగు తిరిగితే కట్ట లోపలి మట్టి కదులుతోందని అర్థం. సన్నటి ధారగా వస్తున్న ఆ నీళ్ళను దోసిట్లో పట్టి చూస్తూ కూర్చున్నాను. ఘని తన మనుషులతో చేపల ట్రేలలో ఇసుక, కంకర మోసుకొచ్చాడు. ముందు ఇసుక, దాని మీద కంకర పరిచాం. నీళ్ళు పోవాలి, మట్టి ఆగాలి.

"సాబ్, చేపలు పోతే పోనీ," అన్నాడు రొప్పుతూ. మొరవ మీద అతని వల అప్పటికే తెగిపోయింది.

ఎవరో నా నెత్తి మీద గొడుగు పట్టారు. చూస్తే నారాయణమ్మ. నేను బడి వరండాలో మరచిపోయిన పూల గొడుగు తెచ్చింది.

"పొండమ్మా, ఇక్కడ ఉండకూడదు."

"నువ్వుండావు గదా."

ఆమె అట్లా నిలబడి ఉండగానే ధార రంగు తిరిగింది. పాలు తక్కువ పోసిన టీ రంగు. ఆమె నా దోసిట్లోకి చూసింది, కట్ట వైపు చూసింది, తన ఇంటి కప్పు వైపు చూసింది. ఇంకా ఇసుక, అన్నాను. ఘని పరిగెత్తాడు. మళ్ళీ పరిచాం. మళ్ళీ దోసిలి పట్టాను. అదే రంగు. మళ్ళీ పరిచాం.

వాన ఎప్పుడు పలచబడిందో నాకు తెలియలేదు. గొడుగు మీద చప్పుడు తగ్గిందని ముందు ఆమే గమనించింది. చాలాసేపటికి దోసిట్లో నా చేతి గీతలు కనిపించాయి.

*

శనివారం మొరవ దగ్గర డప్పులు, పొట్టేలు, రెండో చీర. ఈసారి నీళ్ళు పద్ధతిగా, తెల్లగా, గోడ దిగి పోతున్నాయి. గంగప్ప నాకు విస్తరి వేసి పక్కన కూర్చున్నాడు.

"సూసినావా సార్, కట్ట తెగలేదు. ఊరికే మూడడుగుల నీళ్ళు ఇడిపిచ్చినావు."

"విడిచాం కాబట్టే తెగలేదు గంగప్పా."

"అది నువ్వనే మాట. ఇడవకపోయినా తెగేది కాదేమో."

నేను అన్నం కలుపుతూ ఆగిపోయాను. ముందే దించకపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లేవని నా లెక్క. కానీ జరగనిదాన్ని ఏ పటంలో చూపించను? కట్ట తెగి ఉంటే నేను తప్పు చేసినవాణ్ణి. తెగలేదు కాబట్టి అనవసరంగా హడావిడి చేసినవాణ్ణి.

"తెగకపోవచ్చు," అన్నాను.

"ఆ! అట్ల రా దోవకు!" అని నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేశాడు.

బస్సుకు బయలుదేరుతుంటే నారాయణమ్మ గొడుగు తెచ్చి ఇచ్చింది. శుక్రవారం గాలికి ఒక కమ్మి విరిగింది. దాన్ని సన్నటి తీగతో చుట్టి కట్టింది.

"నీ పెండ్లాందా సార్ ఇది?"

"అవునమ్మా."

"సిన్నది. ఇద్దురు పట్టరు," అంది. అంటూ కట్ట వైపు చూసింది. ఆ తడి చోట ఇసుక మీద ఎవరో కొంచెం కుంకుమ వేసి ఉన్నారు. దూరం నుంచి చూస్తే తెలియదు.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం మదనపల్లెలో అన్నం వార్చుకుంటుంటే గంగప్ప ఫోన్ చేశాడు.

"సార్, అండమాన్ కాడ అల్పపీడనమంట. మనూరు అక్కడక్కడలో ఉండాదా?"

"లేదు గంగప్పా. అది మయన్మార్ వైపు పోతోంది. మనకు సంబంధం లేదు."

"గట్టిగా చెప్తాండావా?"

"ఇది గట్టిగానే చెబుతున్నాను."

వెనకాల కోళ్ళ అరుపులు, మనుషుల మాటలు, గిన్నెల చప్పుడు.

"ఎక్కడున్నావు నువ్వు?" అన్నాను.

"బడి కాడ. కాలనీ వాళ్ళందరినీ పొద్దున్నే ఈడికి తెచ్చేసినా. అంకయ్య తూము కాడ నిలబడుకోనుండాడు, నువ్వు ఊ అంటే తిప్పేస్తాడు."

"బయట ఎట్లా ఉంది గంగప్పా?"

"ఎండ సార్. మాడిపోతాండాం."

నేను పొయ్యి ఆపి గోడకు ఆనుకున్నాను. వానలో ఇంటింటికీ తిరిగి బతిమాలినా కదలని ఊరు, సముద్రానికి అవతలి ఒడ్డున మబ్బు పుట్టిందని కోళ్ళతో సహా బడిలో కూర్చుంది.

"అందరినీ ఇంటికి పొమ్మను. అంకయ్యను తూము ముట్టుకోవద్దను. ముందు ఆ పని చెయ్యి," అన్నాను, గొంతు బాగా తగ్గించి.

ఫోన్ పక్కకు పెట్టి అతను గట్టిగా అరవడం వినిపించింది. దానికి నారాయణమ్మ గొంతు ఏదో జవాబు చెప్పింది. గంగప్ప మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు.

"మా అక్క పోనంటాండాది సార్. ఎట్లాగూ వచ్చినాం గదా, ఈడనే బువ్వొండుకోని తిని పొద్దుగూకంగా పోతామంటాండాది. నిన్ను గూడా రమ్మంటాండాది."